సీవ్ స్క్రిప్టు ఎక్కడ రాస్తే మేలు: విమ్‌లోనా, ఈమ్యాక్స్‌లోనా, వెబ్‌మెయిల్‌లోనా?

నేను అనంతపురంలో ఉంటూ తాడిపత్రి బండల ఫ్యాక్టరీ ఒకదానికి మెయిల్ సర్వర్ చూసుకుంటాను. మెయిల్‌ను దాచి అందించేది డవ్‌కాట్, దానికి సీవ్‌ను జోడించేది పిజన్‌హోల్. వచ్చిన మెయిల్ ఏ ఫోల్డరులో పడాలో చెప్పే ఫిల్టర్లన్నీ సీవ్ అనే చిన్న భాషలోనే. మొన్న వాటిని ఈమ్యాక్స్ అనే ఎడిటర్ నుంచి రాయడం మొదలుపెట్టాక ఇదే పనిలో ఉన్న స్నేహితులంతా ఒకటే అడుగుతున్నారు: "విమ్ ఉండగా అదెందుకన్నా?"

షార్ట్‌కట్ల గొడవలోకి నేను పోను. నేను చూసేది ఒక్కటే, నా తప్పు ఎప్పుడు బయటపడుతుందని. సేవ్ చేసేటప్పుడా, మర్నాడు ఫోను వచ్చాకా?

దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి లాగిన్ అయి, టెర్మినల్‌లో నడిచే ఎడిటర్ విమ్‌లో ఫైలు తెరవడం చాలా కాలం చేశాను. ఇంతకంటే సులువు లేదు. సీవ్‌కు రంగులు కూడా విమ్‌లో ముందే ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే, సేవ్ కొట్టగానే ఆ ఫైలు అమల్లోకి వచ్చేస్తుంది. ఒక సాయంత్రం హడావుడిలో 'స్టాప్' తర్వాత సెమీకోలన్ మరిచాను. పొద్దున్నే లెక్కలు చూసే అబ్బాయి ఫోను: "అన్నా, మెయిల్సన్నీ ఒకే చోట పడినాయి. లోడ్ల ఫోల్డరు ఖాళీగా ఉంది, ఏమైందన్నా?" మెయిల్ ఒక్కటీ పోలేదు. స్క్రిప్టు చెడితే మెయిల్‌ను ఇన్‌బాక్స్‌లో ఉంచేయడం సీవ్ పద్ధతి. కానీ వేబిల్లులు, ఇన్వాయిసులు, ప్రకటనలు అన్నీ కలగాపులగం. ఏ లైనులో తప్పుందో పక్కనే లాగ్ ఫైలులో రాసి ఉంది. రాత్రి పూట దాన్ని ఎవరు చూస్తారు? సేవ్ చేశాక సీవ్‌సీ కమాండుతో కంపైల్ చేసి చూసే అలవాటుంటే ఈ బాధ ఉండదు. నాకు రోజూ గుర్తుండదు.

ఈమ్యాక్స్‌లో, సర్వర్‌లోని స్క్రిప్టులను చూసుకునే సీవ్-మేనేజ్ విడిగా వేసుకోనక్కర్లేదు, దానితోనే వస్తుంది. అది 4190 పోర్టులో మేనేజ్‌సీవ్ అనే ప్రోటోకాల్ ద్వారా సర్వర్‌తో మాట్లాడుతుంది. 2010లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5804 అనే ప్రమాణ పత్రంలో ఉన్నది అదే. స్క్రిప్టు పంపగానే సర్వర్ ముందు వ్యాకరణం చూస్తుంది, తప్పుంటే తీసుకోదు. పాత స్క్రిప్టు అలాగే నడుస్తూ ఉంటుంది. నా దృష్టిలో తేల్చేసేది ఇదే. పైగా పంపడం వేరు, యాక్టివ్ చేయడం వేరు. సంక్రాంతి సెలవుల ఆటోరిప్లై స్క్రిప్టును వారం ముందే పెట్టేసి, ఆ రోజు యాక్టివ్ చేస్తే చాలు. ఒకసారికి ఒకటే యాక్టివ్‌గా ఉంటుంది కాబట్టి రోజువారీ ఫిల్టర్లను అందులో 'ఇన్‌క్లూడ్' చేయడం మరవొద్దు.

విమ్ వదలలేనివాళ్లు మేనేజ్‌సీవ్‌లోనే మాట్లాడే సీవ్-కనెక్ట్ అనే కమాండు వేసుకుంటే ఈ తనిఖీ వాళ్లకూ దక్కుతుంది. అయినా నేను ఈమ్యాక్స్ వైపే మొగ్గుతాను, దానికి కారణం తెలుగు. మా ఫిల్టర్లలో సగం తెలుగు సబ్జెక్టుల మీదే. సీవ్ సబ్జెక్టును డీకోడ్ చేశాకే పోలుస్తుంది కాబట్టి తెలుగు మాటను ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. టెర్మినల్‌లోనేమో ఒత్తులు ఎటో పోతాయి. ఈమ్యాక్స్ 2020లో వచ్చిన 27 నుంచి అక్షరాలను కలిపి అమర్చే హార్ఫ్‌బజ్‌ను వాడుతోంది, దాని సొంత విండోలో తెలుగు చక్కగా కనిపిస్తుంది.

విమ్‌కు ఒక మార్కు ఇవ్వాల్సిందే. నేను "లోడ్ నంబరు" అని ఫిల్టర్ రాశాను. సర్వర్ ఒప్పుకుంది. మెయిల్ మాత్రం ఫోల్డర్‌లో పడదు. సేవ్ చేసిన మెయిల్‌ను, స్క్రిప్టును పరీక్షించే సీవ్-టెస్ట్‌కు ఇస్తే ఇన్‌బాక్స్‌కే పోతుందని చెప్పింది. కంటికి రెండు సబ్జెక్టులూ ఒకటే. ఆ సబ్జెక్టును కాపీ చేసి విమ్‌లో అతికిస్తే, పొల్లు పక్కన 200సి అని కోడు కనబడింది. లారీ ఆఫీసువాళ్ల కీబోర్డు అక్కడ, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను పెడుతోంది. ఈమ్యాక్స్‌లోనైతే దాన్ని పనిగట్టుకుని వెతకాలి. ఇప్పుడు "లోడ్" ఒకటి, "నంబరు" ఒకటి విడివిడిగా వెతికిస్తున్నాను. మధ్యలో ఏమున్నా పడుతుంది.

వెబ్‌మెయిల్‌లోని ఫిల్టర్ల పేజీ ఫ్యాక్టరీవాళ్లకు బాగుంటుంది. ఐదారు రూల్సు దాటితే నాకు ఊపిరాడదు. పైగా నేను చేత్తో రాసుకున్న కామెంట్లను ఒకసారి అది సేవ్‌లో తుడిచేసింది. థండర్‌బర్డ్ మామూలు ఫిల్టర్లు కంప్యూటరులో అది తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తాయి. జీమెయిల్‌కు సీవ్ లేదు, దాని సంగతి ఇక్కడ అనవసరం.

ఈమ్యాక్స్‌కు మారేముందు మీ సర్వర్‌లో 4190 తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసి ఉంటే, ఎస్‌ఎస్‌హెచ్ ఎలాగూ ఉంది కదా, దానిలోంచి టన్నెల్ వేసుకోవచ్చు. నేను ఇంటి నుంచి చేసేది అదే.