ఇంటి ముందు నీడకు, పరిమళానికి ఏ చెట్టు మేలు: ఆకాశమల్లెయా, సంపెంగా, పొగడా?

ఆవరణలో ఒక్క చెట్టుకే చోటుండి, దాని నుంచి నీడా పూల వాసనా రెండూ కావాలనుకునేవారికి మన నేలల్లో ముఖ్యంగా ఆకాశమల్లె, సంపెంగ, పొగడ కనిపిస్తాయి. వీటిలో వాసన లేనిది లేదు కనుక, ఎంపికను నిర్ణయించవలసినవి నీడ, నేల, గాలి.

త్వరగా ఎదగడంలో ఆకాశమల్లెదే పైచేయి. అయితే అది నిటారుగా పైకి పోతుందే తప్ప గొడుగులా పరుచుకోదు. మధ్యాహ్నం దాటితే దాని నీడ మన వాకిట్లో కన్నా పక్కింటి డాబా మీదే ఎక్కువగా పడుతుంది. కలప పెళుసు, వేళ్లు పైపైనే పాకుతాయి, వాటి నుంచి పిలకలూ లేస్తాయి. పైగా అది విరబూసే అక్టోబరు, నవంబరు నెలలే కోస్తాలో తుపానుల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ చెట్లను ఎలా కూల్చిందో చూసినవారు దీనిని గోడ పక్కన నాటరు.

పువ్వు ఘనతలో సంపెంగను మించినది లేదు. సింహాచలం సంపెంగలకు ఉన్న పేరు అందరికీ తెలిసిందే. కానీ దానికి తేమ ఉండాలి, నీరు నిలవకూడదు. నల్లరేగడిలో వానాకాలం నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఇంకొక చిక్కు ఉంది: అంటు మొక్క రెండు మూడేళ్లలోనే పూస్తుంది గాని పొట్టిగా ఉండిపోతుంది, నీడనిచ్చే విత్తనపు మొక్క పూతకు వచ్చేసరికి చాలా ఏళ్లు పడుతుంది.

పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, అదే దాని లోపం. ఆ ఓపిక ఉన్నవారికి ఏడాది పొడవునా ఆకు నిలిచే చిక్కని గుండ్రటి గుబురు దక్కుతుంది. ఉప్పుగాలినీ అది తట్టుకుంటుంది. పూలు తెల్లవారేసరికి తమంతట తామే రాలతాయి, చెట్టెక్కే పని లేదు. రాలిన పువ్వు నడుమ రంధ్రం ఉంటుంది గనుక పిల్లలు సూది లేకుండానే నారకు గుచ్చుతారు, వాడి ఎండిన తరువాత కూడా ఆ దండ వాసన పోదు. నారింజ రంగు పండ్లు రాలి నేల మరకలవుతుంది కాబట్టి కారు నిలిపే చోట మాత్రం వద్దు.

నా ఓటు పొగడకే. ప్రహరీకి పది పన్నెండు అడుగుల ఎడంగా నాటి, మొదటి కొన్నేళ్లు కింది కొమ్మలను తీస్తూ వస్తే గుబురు తలకు తగలనంత ఎత్తున నిలుస్తుంది. పూల కోసం అంతకాలం ఆగలేనివారు నీరు ఇంకే మూల చూసి ఒక సంపెంగ అంటును కూడా పెట్టుకోవచ్చు.