చెవులపిల్లికి ఏది మేలు: లంకా, మాగాణా, ఇసుక మెరకా?

చెవులపిల్లులు, అంటే అడవి కుందేళ్లు, గోదావరి మధ్యలో ఒండ్రు మేటేసిన లంకల్లో ఎక్కువా, వరి పొలాల్లో ఎక్కువా అని చాలామంది అడుగుతున్నారు. దాని తిండి చూస్తే జవాబు తెలిసిపోతుంది. వానాకాలంలో ఎక్కువగా పొట్టి గడ్డి మేస్తుంది, ఎండలకు గడ్డి పీచుబారితే ఆకు మొక్కలు, మొలకలు వెతుక్కుంటుంది. బొరియ తవ్వుకోదు, పగలంతా దుబ్బుల మధ్య చిన్న గుంటలో ముడుచుకుని పడుకుని చీకటి పడ్డాక బయటికొస్తుంది, నక్క వెంటపడితే పరుగే దిక్కు. అందుకే లేత గడ్డి ఏడాది పొడవునా దొరుకుతుందా, దాని పక్కనే దాక్కునే చాటు ఉందా అన్నదే నేను అన్నిటికన్నా ముందు చూస్తాను.

ధవళేశ్వరం ఆనకట్ట కాలువల కింద సార్వా (వానాకాలం వరి), దాళ్వా (రెండో పంట వరి) రెండూ వేసే మాగాణిలో ఏడాదిలో చాలా నెలలు నీళ్లే. గట్ల మీద గరిక, తుంగ తప్ప ఇంకేం దొరకవు, ఆ గట్ల మీద కూడా కలుపు మందు కొట్టేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. సార్వా తర్వాత మినుము, పెసర చల్లే చేలల్లో మాత్రం శీతాకాలమంతా కడుపునిండా మేత. రైతుకు కోపం రావడం న్యాయమే, కానీ తెగిన ప్రతి మొక్కా దాని పని కాదు. మేకకు పై దవడలో ముందు పళ్లుండవు కాబట్టి కొస పీలికలవుతుంది, చెవులపిల్లి కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగుతుంది. ఎలుక కూడా అలాగే కొరుకుతుంది, అందుకని చుట్టుపక్కల గుండ్రంగా, పీచు కనబడే పెంటికలు ఉన్నాయేమో చూడండి.

లంకల సంగతి వేరు. మనిషెత్తు పెరిగిన ముదురు రెల్లు దానికి చాటు మాత్రమే, తిండి ఆ పక్కనున్న గరికలో ఉంది. ఆవులూ గేదెలూ రోజూ మేస్తుంటే ఆ గరిక ఎదిగిపోకుండా పొట్టిగా ఉంటుంది, మేసిన చోటల్లా కొత్త చిగురు వేస్తుంది, ఒండ్రులో తేమ ఉన్నన్నాళ్లూ అది ఆగదు. పశువులు రావడం మానేసిన లంకలో రెల్లు కమ్మేసి గరికను మింగేస్తుంది, అప్పుడు అంత పచ్చదనం ఉండీ చెవులపిల్లికి మేత ఉండదు. వరద భయం ఉన్న మాట నిజమే, 1986 ఆగస్టు, 2022 జులై లాంటి వరదల్లో మెరక దొరికినవే బతుకుతాయి. అయినా నేను పశువులు మేసే లంకకే ఓటేస్తాను.

సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక మెరకల్లో నీళ్లు నిలవవు, పడుకునే చోటు పొడిగా ఉంటుంది. కానీ సరుగుడు తోటల్లో రాలిన ఆకు మందంగా పరుచుకుని గడ్డిని లేవనివ్వదు, జీడిమామిడి తోటలు కాస్త నయం. ముతక గడ్డితో కూడా అది నెట్టుకురాగలదు, ఎందుకంటే పగలు తన మెత్తటి పెంటికల్ని తనే మళ్లీ తిని, మొదటిసారి ఒంటబట్టని పోషకాలు రాబట్టుకుంటుంది. రొయ్యల చెరువుల మధ్య దానికి పెద్దగా ఏమీ లేదు.

తోటలోకి వచ్చినదానికి క్యారెట్ పెట్టమంటారా అని కూడా అడుగుతున్నారు. వద్దు. దాని పేగులు పీచుకు అలవాటుపడినవి, తీపి ఎక్కువైతే పాడవుతాయి. పట్టి పెంచుకోవడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. గట్టు మీద గరికను మందు కొట్టకుండా వదిలేయండి, అది చాలు.