పది రూపాయల అర్జీ: కేంద్ర ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ఎంతవరకు పనికొస్తుంది?

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద ప్రభుత్వ ఆఫీసుల నుంచి సమాచారం అడిగే ఈ పోర్టల్‌లో పది రూపాయల ఫీజు పోగొట్టుకోవడానికి అన్నిటికన్నా తేలిక దారి రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసు గురించి అడగడం. ఇది కేంద్రానికి మాత్రమే. రైల్వే, తపాలా, ఈపీఎఫ్‌ఓ, పాస్‌పోర్టు, ఆదాయపు పన్ను, జాతీయ రహదారులు అయితే సరే. తహసీల్దారు, మున్సిపాలిటీ, పోలీస్ స్టేషన్ గురించి ఇక్కడ అడిగితే అర్జీ తిరిగొస్తుంది, డబ్బు తిరిగిరాదు. ఆ ముక్క నిబంధనల పేజీలో రాసే ఉంది. కానీ ఆ పేజీ పొడవు చూసి, చదివినట్టు టిక్కు కొట్టి ముందుకెళ్లేవాళ్లే ఎక్కువ. రాష్ట్ర ఆఫీసులకు ఇప్పటికీ కాగితం అర్జీయే ఖాయమైన దారి. ఉమ్మడి రాష్ట్రం 2005లో పెట్టిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

ఇక పోర్టల్ సంగతి. ఖాతా తెరవకుండానే అర్జీ పెట్టొచ్చు, అది మంచి సౌకర్యం. శాఖను ఎంచుకుని, పేరు, చిరునామా, ఈమెయిల్ నింపి, అడగదలుచుకున్నది పెట్టెలో రాయాలి. ఆ పెట్టెలో 3,000 అక్షరాలే పడతాయి. అంతకు మించితే పీడీఎఫ్‌గా జతచేయాలి. సైజు 1 ఎంబీ దాటకూడదు, ఫైలు పేరులో ఖాళీలు ఉండకూడదు. ఆధార్, పాన్ కాపీలు పెట్టొద్దని పోర్టలే చెబుతుంది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు మాత్రం బీపీఎల్ కార్డు జతచేస్తే ఫీజు ఉండదు.

విసుగు పుట్టేది ఆ పెట్టె దగ్గరే. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కామా, చుక్క, బ్రాకెట్లు, ఏటవాలు గీత లాంటి కొన్ని గుర్తులనే అది ఒప్పుకుంటుంది. వర్డ్‌లో టైపు చేసి తెచ్చి అతికిస్తే కొటేషన్ గుర్తు, బుల్లెట్ చుక్క, రూపాయి గుర్తు, సెమికోలన్‌లలో ఏ ఒక్కటున్నా అర్జీ ముందుకు కదలదు. రూపాయి గుర్తు బదులు ఇంగ్లిష్‌లో ఆర్‌ఎస్ అని రాసి, నోట్‌ప్యాడ్‌లో ఒకసారి అతికించి శుభ్రం చేసుకుని తెస్తే గొడవ ఉండదు. చట్టంలోని 6(1) సెక్షనేమో ఇంగ్లిష్, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాషలో అడగొచ్చంటుంది. అంటే తెలుగులో అడిగే హక్కు పుస్తకంలో ఉంది, పెట్టెలో లేదు. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటాక కూడా ఇలా ఉండటం సిగ్గుచేటు.

చెల్లింపు యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్‌లలో దేనితోనైనా చేయొచ్చు. డబ్బు పోయి రిజిస్ట్రేషన్ నంబరు రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టొద్దు. ఒకటి రెండు పనిదినాల్లో లెక్క సరిచూసుకున్నాక నంబరు దానంతటదే వస్తుంది. ఆ నంబరును దాచుకోవడం ఒక్కటే కాదు, చదవడం కూడా తెలిసుండాలి. మధ్యలో ఇంగ్లిష్ R తర్వాత E ఉంటే నేరుగా ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీ, T ఉంటే ఇంకో ఆఫీసు నుంచి బదిలీ అయినది. ఒకే అర్జీని నాలుగు ఆఫీసులకు పంచితే నాలుగు కొత్త నంబర్లు వస్తాయి. జవాబుగానీ అప్పీలుగానీ వేటికవే. ఈ దశలో ఈమెయిల్ చూడకపోతే ఎవరి గడువు ఎప్పుడు ముగిసిందో తెలియకుండా పోతుంది. జవాబుకు గడువు 30 రోజులు, సెక్షన్ 6(3) కింద బదిలీ అయితే మరో 5 రోజులు కలుపుకోవాలి.

జవాబు బాగుండాలంటే మాత్రం పోర్టల్ చేయగలిగింది ఏమీ లేదు, అంతా ప్రశ్న చేతిలోనే ఉంది. "మా స్టేషన్లో రైలు ఎందుకు ఆపడం లేదు?" అని అడిగితే, కారణాలు చెప్పడం, సమాచారం అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం, సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అదే మాటను ఇలా తిప్పి రాయాలి: "ఫలానా స్టేషన్లో రైలు ఆపాలని 2023 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వచ్చిన వినతుల నకళ్లు, వాటిపై నడిచిన ఫైలు నోటింగులు, ఆ ఫైలు ప్రస్తుతం ఉన్న అధికారి హోదా." నోటింగులంటే ఫైలుపై అధికారులు రాసే అభిప్రాయాలు. కాగితం పేరు, తేదీల హద్దు ఉన్నప్పుడు తప్పించుకోవడం కష్టం. పేజీకి 2 రూపాయల చొప్పున నకళ్ల ఖర్చు అడిగితే అదీ పోర్టల్‌లోనే కట్టొచ్చు. గడువు దాటాక ఇస్తే 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలి. ఈ సంగతి చాలామంది అధికారులకు గుర్తుండదు, మనమే గుర్తుచేయాలి.

మొదటి అప్పీలు ఈ పోర్టల్‌లో అన్నిటికన్నా బాగా పనిచేసే భాగం. ఫీజు లేదు. పాత నంబరు, ఈమెయిల్ ఇచ్చి, జవాబు రాలేదు, నిరాకరించారు, అసంపూర్తిగా ఇచ్చారు లాంటి కారణాల్లో ఒకటి ఎంచుకోవాలి. జవాబు వచ్చినా, గడువు ముగిసినా, అప్పటి నుంచి 30 రోజుల్లోపు వేయాలి. అప్పీలు అధికారి 30 రోజుల్లో, ఆలస్యానికి కారణం రాస్తే 45 రోజుల్లో తేల్చాలి.

దాని తర్వాతే వేగం పడిపోతుంది. రెండో అప్పీలు 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు, వాళ్ల సొంత సైటులో వేయాలి. అర్జీ, జవాబు, మొదటి అప్పీలు, దానిపై ఉత్తర్వు, వీటికో సూచిక, ఏది తగ్గినా తిప్పి పంపుతారు. దానికి బదులు సెక్షన్ 18 కింద ఫిర్యాదు వేస్తే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. ఫిర్యాదులో అధికారికి జరిమానా వేయగలరేగానీ సమాచారం ఇప్పించలేరని సుప్రీంకోర్టు 2011లో మణిపూర్ కేసులో చెప్పేసింది. కాగితం కావాలంటే సెక్షన్ 19(3) కింద వేసే ఈ రెండో అప్పీలే దారి. రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా చట్టంలో ఉన్నా, కమిషన్లలో కుర్చీలు ఖాళీగా ఉంటే అది పుస్తకంలోనే ఉంటుంది. తెలంగాణ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేకుండా ఉండిపోయింది.

ఇప్పుడు కొత్త చిక్కు వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకుండా ఆపే సెక్షన్ 8(1)(జె). డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక, వ్యక్తిగత సమాచారమైతే చాలు, ఆపేయొచ్చన్నట్టుగా ఆ నిబంధన కుదించుకుపోయింది. పార్లమెంటుకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న షరతు కూడా పోయింది. లబ్ధిదారుల జాబితాలు, బదిలీల ఫైళ్లు అడిగేవాళ్లకు ఇది నేరుగా తగిలే దెబ్బ. మిగిలిన ఆసరా 8(2). ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని అది ఇంకా చెబుతోంది. కాబట్టి ఎవరి పేరైనా ఉండే కాగితం అడిగేటప్పుడు అర్జీలోనే 8(2) అని రాసి, ఏ ప్రజాధనం, ఎవరికి నష్టం అనేది రెండు వాక్యాల్లో పెట్టాలి. ఫోన్ నంబర్లు, ఆధార్ అంకెలు కొట్టేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 కింద కోరడం కూడా అదే అర్జీలో చేరాలి. అప్పీలులో కొత్తగా ఎత్తుకుంటే, ముందే అడగలేదు కదా అనే సాకు వాళ్లకు దొరుకుతుంది.

అర్జీ తీసుకుని రసీదు ఇచ్చే యంత్రంగా దీనికి 5కి 4 ఇవ్వొచ్చు. తెలుగు రాని పెట్టెకు ఒకటి కోస్తే 3.