చిలుక గోళ్లకు గ్రైండర్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

కుక్కల, పిల్లుల గోళ్లు అరగదీయడానికి అమ్మే చిన్న బ్యాటరీ గ్రైండర్‌ను మా కాకటీల్ చిలుకకు ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. లావుపాటి పెన్నులా చేతిలో ఇమిడే ఈ యంత్రం కొసన గరుకు పూత ఉన్న చిన్న రాయి వేగంగా తిరుగుతుంది, గోటిని దానికి ఆనిస్తే కొస పొడిగా రాలుతుంది. పెట్టె మీద చిలుక బొమ్మ ఉంది గాని, లోపలి సూచనల కాగితంలో పక్షుల గురించి ఒక్క వాక్యమైనా లేదు. అందువల్ల ఆ కాగితంలో ఉండవలసిన సంగతులు కూడా ఈ సమీక్షలోనే రాయవలసి వస్తోంది.

దీనికి ముందు నేను కత్తెర వంటి కట్టర్ వాడేవాణ్ని. గోరు పైకి మొద్దుగా కనిపించినా దాని లోపల రక్తనాళమూ నరమూ ఉంటాయి. లేత రంగు గోళ్లలో ఆ నాళం గులాబీ గీతలా కనిపిస్తుంది గాని, మా పక్షికి ఉన్నటువంటి ముదురు గోళ్లలో అది ఎక్కడి వరకు వచ్చిందో బయటి నుంచి తెలియదు. ఒకసారి నా అంచనా తప్పింది, గోరు ఒక మిల్లీమీటరు ఎక్కువ తెగి రక్తం కారింది. తొంభై గ్రాముల పక్షి ఒంట్లో ఉండే రక్తం అంతా కలిపి 9 మిల్లీలీటర్ల ప్రాంతంలో ఉంటుంది కనుక, మనకు నాలుగు చుక్కలుగా కనిపించేది దానికి చిన్న విషయం కాదు. రక్తం ఆపే స్టిప్టిక్ పొడి దగ్గర ఉండటం వల్ల, దాన్ని గోటి కొసకు అద్ది కాసేపు నొక్కి పట్టుకోగా రక్తం ఆగింది. అయితే ఆ తర్వాత రెండు వారాల పాటు అది నా చేతి మీదికి రాలేదు.

గ్రైండర్‌తో నాకు కలిగిన అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. కట్టర్‌ను ఒకసారి నొక్కామంటే వెనక్కి తీసుకోలేము, గ్రైండర్‌తో మాత్రం కాగితం మందం చొప్పున తీస్తూ ఎక్కడ అనుమానం కలిగితే అక్కడ ఆపవచ్చు. అరిగిన కొస గుండ్రంగా ఉంటుంది కాబట్టి చేతికి గీసుకోదు, బట్టల దారాలకు చిక్కుకోదు. అయితే రాపిడి వల్ల వేడి పుడుతుంది, అందుచేత రాయిని గోటికి ఒకటి రెండు సెకన్లకు మించి ఆనించకుండా వెంటనే తీసేయాలి. కుక్క గోటితో పోలిస్తే కాకటీల్ గోరు చాలా సన్నం, వేడి లోపలికి చేరడానికి ఎంతో సేపు పట్టదు.

చప్పుడు రాదని ప్రకటనలో చెప్పిన మాట పూర్తిగా నిజం కాదు. రెండు వేగాలలో తక్కువదానికి దోమ పాటంత రొద వస్తుంది, ఎక్కువదానికి పక్క గది వరకు వినిపిస్తుంది. చిలుక పని తక్కువ వేగంతోనే పూర్తవుతుంది కనుక రెండోది నేను ముట్టుకోలేదు. నిజానికి మా పక్షిని ఇబ్బంది పెట్టింది ఆ చప్పుడు కాదు, వేలి ఎముక దాకా పాకే ప్రకంపన. దానికి అలవాటు పడటానికి మూడు వారాలకు పైగా పట్టింది. మొదటి వారం యంత్రాన్ని ఆపి ఉంచి పంజరానికి దూరంగా పెట్టి, పక్షి దానివైపు చూసినప్పుడల్లా కొర్ర కంకి నుంచి నాలుగు గింజలు ఇచ్చాను. తర్వాత దూరంగా నడిపించి వినిపించాను, ఆపైన ఆపిన యంత్రంతో కాలిని తాకాను, చివరకు తిరుగుతున్న యంత్రం పిడిని, రాయిని కాదు, వేలికి ఆనించాను. చిలక్కు చెప్పినట్టు చెప్పానని మనం మనుషుల విషయంలో అంటుంటాం గాని, చిలుకకే చెప్పవలసి వచ్చినప్పుడు ఆ పనికి ఎంత ఓపిక కావాలో అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

ఈకలు ఒంటికి బిగించుకోవడం, కంటిపాప చకచకా చిన్నదై పెద్దదవడం, రెక్కలు ఒంటి నుంచి ఎడంగా పట్టుకోవడం, నోరు తెరిచి రొప్పడం వంటివి కనిపించాయంటే ఆ రోజుకు పని ముగిసినట్టే. నేను రోజుకు ఒక్క గోరే చేస్తాను. ముందుకు రెండు, వెనక్కి రెండు చొప్పున రెండు కాళ్లకూ కలిపి ఎనిమిది గోళ్లు కనుక, ఎనిమిది రోజుల్లో ఒక విడత పూర్తవుతుంది. తువ్వాలు చుట్టి పట్టుకునే పద్ధతి తప్పనిసరి సందర్భాలకే. పక్షులకు మనలా ఉదరవితానం, అంటే రొమ్మునూ పొట్టనూ వేరుచేస్తూ ఊపిరికి తోడ్పడే కండర పొర, ఉండదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. అందువల్ల ఎంత మెత్తగా పట్టుకున్నామని అనుకున్నా, రొమ్ము మీద వేళ్లు బిగిస్తే దానికి ఊపిరాడదు.

యంత్రంలో లోపాలు లేకపోలేదు. ముందు తొడిగే మూతకు మూడు రంధ్రాలు ఉన్నాయి, వాటిలో అతి చిన్నది కూడా కాకటీల్ గోటికి చాలా పెద్దది. అందులో గోటితో పాటు వేలు కూడా దూరే ప్రమాదం ఉన్నందున నేను మూత తీసేసి, పక్షి వేలిని నా రెండు వేళ్ల నడుమ పట్టుకుని పని చేస్తాను. అలా చేసేటప్పుడు తిరిగే రాయి దగ్గరికి ఈకలు రాకుండా చూసుకోవాలి. ముందున్న చిన్న దీపం లేత గోళ్లకు ఉపయోగపడుతుందేమో గాని, నల్లటి గోటిలో నాళాన్ని చూపించదు, పైగా మా పక్షి దాన్ని పొడవడానికి ప్రయత్నిస్తుంది. ఛార్జింగ్ తగ్గుతున్నప్పుడు వేగం పడిపోయి రాయి గోటిని పట్టి లాగుతుంది. ఈ లోపాలన్నిటిలోకీ ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది, ఎందుకంటే మూడు వారాల నమ్మకం ఒక్క కుదుపుతో పోతుంది. పని మొదలుపెట్టే ముందు నిండుగా ఛార్జింగ్ చేసుకోవడం తప్ప దీనికి వేరే మార్గం కనిపించలేదు. గోటి పొడి పక్షి ముక్కు వైపు ఎగరకుండా చూసుకుంటాను, కిటికీ తలుపు మూసే ఉంచుతాను.

గరుకు సిమెంటు పూత ఉన్న కర్ర ఒకటి పంజరంలో పెడితే యంత్రం అవసరం తగ్గుతుంది, మా ఇంట్లో రెండు విడతల మధ్య వ్యవధి దానివల్ల పెరిగింది. అయితే అది పక్షి నిద్రపోయే పై కర్ర కాకూడదు, పంజరంలో ఉన్న ఒకే కర్ర కూడా కాకూడదు. కర్రకు తొడిగే గరుకు కాగితపు తొడుగులు మాత్రం కొనకండి, అవి గోటిని అరగదీసేదాని కంటే పాదం అడుగున చర్మాన్ని దోకడం ఎక్కువ, ఆ గాయాలు ముదిరితే పాదం వాస్తుంది.

చేతి మీదికి రాని చిలుక ఉన్నవారికి, ఈ వారమే గోళ్లు తగ్గించవలసినవారికి ఈ గ్రైండర్ పనికిరాదు, వారు పక్షులను చూసే వైద్యుడి దగ్గర ఒకసారి చేయించుకుని, తర్వాత నెమ్మదిగా అలవాటు చేయడం మేలు. గోళ్లతో పాటు ముక్కు కూడా అసాధారణంగా పెరుగుతుంటే కాలేయ వ్యాధి ఉండవచ్చు కనుక, ముందుగా వైద్యుడికే చూపించాలి.

మా పక్షి ఇప్పుడు ముందరి వేళ్లను తానే చాచి, గింజల కోసం నా ముఖంలోకి చూస్తుంది. ఎడమ కాలి వెనక వేళ్లలో ఒకదాని మీద మాత్రం యంత్రాన్ని ఇప్పటికీ ఆననివ్వదు. నేను కత్తిరించి రక్తం తెప్పించింది ఆ గోటినే, దాన్ని మాత్రం చప్పుడు లేని చిన్న ఆకురాయితో, చేత్తోనే అరగదీస్తున్నాను.