అలారమా, రంగు మారే కార్డా?

గుడారంలోనో వ్యాన్‌లోనో పడుకునేటప్పుడు, రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టడానికి దొరికేవి ప్రధానంగా రెండు. రంగు మారే కార్డు చవక, తేలిక. చుక్క నల్లబడితే వాయువు ఉన్నట్టే. కానీ నిద్రలో ఉన్న మనిషి చుక్కను ఎలా చూస్తాడు? పైగా ప్యాకెట్ విప్పాక కొన్ని నెలలే పనిచేస్తుంది.

బ్యాటరీ అలారం మోగి లేపుతుంది. ఈఎన్ 50291 అనే యూరప్ ప్రమాణం ప్రకారం గాలిలో ఈ వాయువు 300 పీపీఎం (పది లక్షల వంతుల్లో 300) ఉంటే 3 నిమిషాల్లోపు మోగాలి. 50 పీపీఎం అయితే 60 నుంచి 90 నిమిషాల మధ్య. వ్యాన్‌కు, పడవకు 50291-2 అని రాసి ఉన్నదే తీసుకోండి. బయల్దేరే ముందు టెస్ట్ బటన్ నొక్కండి, సెన్సర్ గడువు చూడండి.

మా ఓటు అలారానికే. అది ఉంది కదా అని బొగ్గుల కుంపటి మాత్రం లోపలికి తేవద్దు: మంట ఆరినా, బూడిద కింద ఎర్రగా ఉన్న నిప్పు వాయువును వదులుతూనే ఉంటుంది. అలారం మోగితే ముందు అందరూ బయటికి రండి.