గ్రీన్ ఇగ్వానానా, జీబ్రా ఫించా? రెండూ పెంచాక నా రివ్యూ

పెద్ద బల్లి కావాలా చిన్న పిట్ట కావాలా అని ఊగుతున్నవాళ్ల కోసం రాస్తున్నా, నేను రెండూ పెంచా, వేరే వేరే గదుల్లో.

ముందు ఇగ్వానా. తెచ్చినప్పుడు అరచేతిలో పట్టే పిల్ల, ముద్దొస్తది, అక్కడే పడిపోతాం. కొన్నేళ్లకి తోకతో కలిపి అయిదడుగులు దాటుద్ది, అద్దాల ట్యాంక్ ఏం సరిపోద్ది, గదిలో సగం రాసివ్వాలి. తిండి ఆకులే, దాంతో గొడవ లేదు. గొడవంతా లైటుతోనే. ఒంటి మీద యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు, ఇంట్లో అయితే ప్రత్యేక బల్బుతో ఇస్తాం) పడకపోతే విటమిన్ డి3 తయారవ్వదు, అది లేకపోతే ఎంత కాల్షియం చల్లినా ఎముకలు మెత్తబడిపోతాయి. బల్బు వెలుగుతానే ఉంది కదా అని నేను ఏడాదిన్నర మార్చలేదండీ, తీరా చూస్తే వెలుతురు అలాగే ఉంటది గానీ యూవీబీ ఎప్పుడో పడిపోద్దంట, కాళ్లు వణకడం చూసి డాక్టర్ దగ్గరికి పరిగెత్తా. ఇంకోటి, పైనుంచి చెయ్యి పెట్టకండి. నడినెత్తిన మూడో కన్ను లాంటిది ఉంటది, బొమ్మ కనపడదు గానీ నీడ తెలుస్తది, గద్దే అనుకుని తోకతో ఒక్కటిచ్చుకుంటది (నాకు రెండు పడ్డాయి). ముక్కులోంచి ఉప్పు తుమ్ముద్ది, జలుబు కాదు, ఒంట్లో ఎక్కువైంది బయటికి పంపడమే, అద్దం మీద తెల్ల చుక్కలు తుడుచుకునేది మాత్రం మనమే.

జీబ్రా ఫించ్ అయితే పన్నెండు గ్రాములు, అంతే. పిట్ట కొంచెం కూత ఘనం అనుకుని తెచ్చుకుంటే నిరాశే, రబ్బరు బొమ్మ నొక్కినట్టు మీప్ మీప్. పాట మగదానికే, చిన్నప్పుడు తండ్రి దగ్గర విని నేర్చుకున్న ఆ ఒక్క ముక్కే జీవితాంతం. విసుగు రావాలి, నాకెందుకో రాలేదు. ఒంటరిగా మాత్రం పెట్టొద్దు, జంట ఉండాలి. చేతి మీద వాలుద్దని ఆశ కూడా వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకి నిమిషాల్లో పోతాయి, వంటింటికి దూరంగా పెట్టండి.

చిన్నది కదా తేలిక అనుకుంటారు, అబ్బే. ఇగ్వానా ఒక రోజు తినకపోయినా వేడికింద పడుకుని ఉంటది, దీనికి ఒక్క రోజు గింజ లేకపోతే ప్రాణం మీదకొస్తది. గింజల గిన్నె నిండుగా కనిపిస్తది, ఊదితే మొత్తం అది తిని వదిలేసిన పొట్టే.

ఇగ్వానాకి 3 స్టార్లు, ఫించ్‌కి 4. ఊదడం మర్చిపోయేవాళ్లకి ఫించ్ కూడా వద్దు.