తడి చలికి తగిన పడక: సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్‌తో మూడు శీతాకాలాలు

కార్తీక, మార్గశిర మాసాల్లో మా శేషాచలం కొండల్లోకి చలి ఒంటరిగా రాదు, ఈశాన్య రుతుపవనాల తేమను వెంటబెట్టుకుని వస్తుంది. తిరుపతిలో ఇంట్లో పడుకునేవారికి అది ఒక దుప్పటితో తీరిపోయే చలే. పక్షులను చూడటానికి, ఫోటోలు తీయటానికి అటవీ శాఖ అనుమతితో తలకోన పరిసరాల్లోనో, మదనపల్లె దాటి హార్స్‌లీ కొండ మీదనో గుడారం వేసుకుని రాత్రి గడిపేవారికి మాత్రం ఆ తేమ తెల్లవార్లూ పక్కలో చేరి వేధిస్తుంది. అలాంటి రాత్రుల కోసమే నేను కొన్న సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్ గురించి, మూడు శీతాకాలాలు వాడిన తరువాత, కొనాలనుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

తల వైపు వెడల్పుగా, పాదాల వైపు సన్నగా ఉండే ఈ సంచి బరువు సుమారు 1.6 కిలోలు, నేను పెట్టిన ధర నాలుగు వేల రూపాయల లోపు. లోపల నింపినది పాలిస్టర్ పోగు. అమెరికా కొండల్లో జింకల కోసం, ఎల్క్ అనే పెద్ద దుప్పుల కోసం రోజుల తరబడి అడవిలోనే మకాం వేసే వేటగాళ్లలో కొందరు ఇటువంటి సంచులనే మోసుకెళ్తారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపులు మూసింది కాబట్టి నా చేతిలో ఉండేది బైనాక్యులరే. అయినా అవసరం ఒక్కటే: మంచులో, వానలో తిరిగి వచ్చి, ఆరబెట్టుకునే అవకాశం లేని చోట పడుకుని, తెల్లవారకముందే లేచి కదలకుండా కూర్చోవాలి.

సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ కొండ మీద, మొదటి డిసెంబరులో, ఈ సంచి విలువ నాకు తెలిసివచ్చింది. రాత్రంతా సన్నని తుంపర పడుతూనే ఉంది, మా ఊపిరి ఆవిరి గుడారం లోపలి గుడ్డకు పట్టి బొట్లుగా జారింది. రెండు గంటల వేళ మెలకువ వచ్చి పాదాల దగ్గర తడిమి చూస్తే, గుడారం గోడకు ఆనుకున్న జానెడు మేర పైగుడ్డ చెయ్యి పెడితే జారేంత తడిసి ఉంది, లోపల మాత్రం కాళ్లు వెచ్చగానే ఉన్నాయి. పక్కనే పడుకున్న మిత్రుడిది బాతు నూగుతో చేసిన, నా సంచికంటే మూడు రెట్లు ఖరీదైన డౌన్ బ్యాగ్. తడిసిన చోట నూగు ఉండలు కట్టి, వేళ్లతో పట్టుకుంటే రెండు గుడ్డల మధ్య ఏమీ లేనట్టయింది, అతను మిగిలిన రాత్రి మోకాళ్లు ముడుచుకునే గడిపాడు. వెచ్చదనాన్ని నిలిపేది పోగు మధ్య చిక్కుకున్న గాలి. నూగు తడిసి చప్పబడితే ఆ గాలికి చోటు ఉండదు, పాలిస్టర్ పోగు నీటిని పీల్చుకోదు కనుక తడిలోనూ కొంత పొంగు నిలుపుకుంటుంది. మన గొర్రెల కాపరులు వానలో కంబళి కప్పుకుని నిలబడేది కూడా తడిసినా వెచ్చగా ఉంటుందనే. అయితే ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను తాగి మోయలేనంత అవుతుంది, నా సంచి మరునాడు ఎండ వచ్చాక పొద మీద పరిస్తే మధ్యాహ్నానికల్లా ఆరింది.

కొనేటప్పుడు అందరూ పొరబడేది ఉష్ణోగ్రత అంకెల దగ్గరే. నా సంచి మీద ‘కంఫర్ట్’ 5 డిగ్రీలు, ‘లిమిట్’ 0 డిగ్రీలు అని ఉంది. ఐరోపా ప్రమాణం ప్రకారం మొదటిది ఒక సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత, రెండవది ఒక సగటు పురుషుడు ముడుచుకుని పడుకుంటే చలికి లేవకుండా నెట్టుకురాగల హద్దు. దుకాణంలో పెద్ద అక్షరాలతో చూపేది తరచుగా రెండవదే కాబట్టి, మీరు చూడవలసింది మొదటిదాన్ని. ఈ తేడాను నేను హిమాలయాల్లోని కేదార్‌కంఠ యాత్రలో అనుభవించి తెలుసుకున్నాను. డిసెంబరు చివర, సున్నా కంటే బాగా దిగువకు పోయిన రాత్రి, ఉన్న బట్టలన్నీ వేసుకుని, మార్గదర్శకుడు ఇచ్చిన మరో దుప్పటి కప్పుకున్నా సరిగా నిద్ర పట్టలేదు. అది సంచి దోషం కాదు, ఎంపిక నాది. మన కొండలకు సరిపోయినది హిమాలయాలకు చాలదు.

మరొక మాట: ఎంత మంచి సంచి అయినా వీపు కింద నలిగిన భాగం వెచ్చదనాన్ని ఆపలేదు, కాబట్టి కింద ఒక ఫోమ్ చాప తప్పనిసరి. బెడ్‌షీట్ మడిచి పరిస్తే చాలదు.

లోపాలూ చెప్పాలి. జిప్పు పక్కనున్న పలుచని గుడ్డ పదేపదే దంతాల్లో ఇరుక్కుంటుంది. అర్ధరాత్రి మూత్రానికి లేచినప్పుడు టార్చి నోట కరచుకుని, రెండు చేతులతో ఆ గుడ్డను మెల్లగా వెనక్కి లాగవలసి రావటం నిజంగా బాధే. చుడితే బియ్యం మూటంత అవుతుంది, వీపు సంచిలో సగం చోటు దానికే పోతుంది. బరువు, చోటు ముఖ్యమై, పొడి చలిలోనే తిరిగేవారికి డౌన్ కొనమనే చెబుతాను.

ఇంట్లో దాన్ని బిగించి చుట్టి అటక మీద పెట్టకండి. నెలల తరబడి నలిగితే పోగు మళ్లీ లేవదు. నేను పాత పంచెతో కుట్టించిన పెద్ద సంచిలో వదులుగా వేసి బీరువా మీద ఉంచుతాను, ఏడాదికొకసారి తేలికపాటి సబ్బు నీటిలో చేత్తో ఉతికి నీడలో ఆరబెడతాను. ఇంత చేసినా కొత్తలో భుజాల దగ్గర నాలుగు వేళ్ల మందం ఉన్నది ఇప్పుడు మూడు వేళ్లకు దిగింది, అందుకే ఈ మార్గశిరం నుంచి లోపల ఒక ఫ్లీస్ లైనర్ (మెత్తని గుడ్డతో కుట్టిన లోపలి సంచి) వేసుకుని పడుకుంటున్నాను.